‘సాధు కోళ్లు’ అంటే నమ్మి కొన్నాను, మీరు జాగ్రత్త

గుడ్ల కోసం పెట్టలు కొనాలనుకునేవాళ్లు బేరం కుదుర్చుకునే ముందు ఇది చదవండి. నేను ఆరు పెట్టలు, ఒక పుంజు కొన్నాను. మూడు వారాలు తిరగకుండానే కొత్తవాటిలో రెండు, అంతకుముందే మా దగ్గరున్న మూడింటిలో ఒకటి చనిపోయాయి. అమ్మినతను కొత్తగా ఏ మాయా చేయలేదు. కోళ్ల గురించి మనలో చాలామంది నమ్మే మాటలే చెప్పాడు. అందుకే అంత తేలిగ్గా నమ్మేశాను.

గంపలో ఆరూ ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. చెయ్యి పెట్టినా లేవలేదు. “చూశారా, ఎంత సాధువులో! పిల్లలు ఎత్తుకున్నా ఏమీ అనవండీ” అన్నాడు. నాకూ ముచ్చటేసింది. ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. ఆరోగ్యంగా ఉన్న కోడి ఎంత మచ్చికైనదైనా, కొత్త చెయ్యి దగ్గరకు రాగానే మెడ చాచి చూస్తుంది, పక్కకు జరుగుతుంది, కనీసం ఒక అరుపైనా అరుస్తుంది. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, కళ్లు సగం మూసి కునికే కోడి సాధువు కాదు, జబ్బుది. పైగా కోడి తన నీరసాన్ని వీలైనంతవరకు బయటపడనివ్వదు. మన కంటికి డీలాగా కనబడేసరికి జబ్బు ముదిరి ఉంటుంది.

ఇంటికి తెచ్చాక కూడా మూల వదల్లేదు. ఫోన్ చేస్తే “కొత్త చోటు కదండీ, మందలో పెద్ద ఏదో తేలేదాకా అలాగే ఉంటాయి” అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, నన్ను ముంచింది ఆ సగమే. కోళ్లలో ఏది దేన్ని పొడవాలో ఒక వరస ఉన్న మాట వాస్తవం. నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బె 1921లోనే దాన్ని వివరించాడు. కానీ ఆ వరస తేలేటప్పుడు కోళ్లు తరుముకుంటాయి, పొడుచుకుంటాయి, గోల గోల చేస్తాయి. మూల కూర్చుని కునకవు.

నాలుగో రాత్రి గూటికి చెవి ఆనిస్తే లోపల సన్నగా గురక. టార్చ్ వేసి చూశాను. ఒకదాని కంటి మూల సబ్బు నురగలా బుడగలు, ముక్కు రంధ్రాల చుట్టూ దాణా పొడి అంటుకుని గట్టిపడి ఉంది. పశువైద్యుడు పరీక్ష చేయించి మైకోప్లాస్మా అన్నారు, కోళ్ల ఊపిరికి అడ్డుపడే జబ్బు తెచ్చే క్రిమి అది. మందులతో తేరుకున్నా ఆ క్రిమి కోడి ఒంట్లోనే ఉండిపోతుందట. తోటి కోళ్లకూ అంటుతుంది, గుడ్డు ద్వారా పిల్లలకూ వెళ్తుంది. నేను చేసిన పెద్ద తప్పు, తెచ్చిన సాయంత్రమే వాటిని పాతవాటితో కలిపేయడం. కొత్త కోళ్లను కనీసం మూడు నాలుగు వారాలు విడిగా, వేరే నీళ్ల గిన్నెతో ఉంచాలి. రోజూ ముందు పాతవాటికి మేత వేశాకే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి. చెప్పులు కూడా వేరుగా ఉండాలి. ఈ ఒక్క పని చేసి ఉంటే మా పాత పెట్ట బతికేది.

ఇక పుంజు. మా పాత పెట్టలు మూడూ పుంజు లేకుండానే గుడ్లు పెడుతున్నాయి. అయినా “పుంజుంటే ఇంకా ఎక్కువ పెడతాయి” అంటే తలూపాను. పుంజు కావాల్సింది పిల్లలు కావాలంటేనే. గుడ్ల లెక్క పెట్ట వయసు, మేత, వెలుతురు మీద ఆధారపడుతుంది. “తెల్లారగట్ల తప్ప కూయదు” అన్న మాట కూడా నిజం కాదు. అర్ధరాత్రి ఏ బండి లైటు పడినా కూస్తుంది, మధ్యాహ్నమూ కూస్తుంది. వేకువ కూతకైతే దాని ఒంట్లోనే గడియారం ఉందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో చూపించారు. ఇరుగుపొరుగుతో మాట పడకూడదనుకుంటే పుంజు జోలికి వెళ్లకండి.

“రోజుకో గుడ్డు గ్యారంటీ” అన్నా నమ్మకండి. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది కాబట్టి గుడ్డు పెట్టే వేళ రోజూ కాస్త వెనక్కి జరిగి, మధ్యలో ఒక రోజు ఖాళీ వస్తుంది. పగలు తగ్గే కాలంలో, ఈకలు రాల్చే వారాల్లో చాలా పెట్టలు అసలే ఆపేస్తాయి. గ్యారంటీ ఇచ్చే మనిషికి కోళ్లు తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదని అనుకుంటూ ఉండాలి.

నాకు అమ్మిన పెట్టలు ఆరు నెలలుగా ఆపకుండా గుడ్లు పెడుతున్నాయని కూడా అన్నాడతను. కాళ్లేమో పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. పసుపు చర్మం ఉన్న జాతుల్లో పెట్ట గుడ్లు పెట్టే కొద్దీ ఆ రంగు తగ్గుతుంది. ముందు గుడ్డు వచ్చే ద్వారం దగ్గర, తర్వాత కంటి చుట్టూ, ఆపైన ముక్కు, చివరికి కాళ్లు పాలిపోతాయి. నెలల తరబడి పెట్టిన కోడికి అంత పచ్చని కాళ్లు ఉండవు. ఇంకో పరీక్ష కూడా ఉంది. కోడిని చంకలో పెట్టుకుని వెనక ద్వారానికి అటూ ఇటూ ఉన్న రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు ఆనించండి. గుడ్లు పెడుతున్న పెట్టకు రెండు మూడు వేళ్లు పడతాయి. నావాటికి ఒక్క వేలు కూడా సరిగ్గా పట్టలేదు. ఇది కొన్న రోజు చేయాల్సిన పని, నేను పది రోజుల తర్వాత చేశాను.

కోడిపిల్లలు కొనేవాళ్లకు ఒక మాట: గుడ్డు మొన చూసి పెట్టో పుంజో చెప్పేస్తామంటే అది ఉత్త మాట. గుడ్డు ఆకారానికీ లోపలి పిల్లకూ సంబంధం లేదు.

డబ్బు తిరిగిస్తానన్న మనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బతికినవాటిని నేను ఎవరికీ అమ్మను, ఊరికే కూడా ఇవ్వను, వాటి గుడ్లు పొదిగించను. మీకెవరైనా ‘బాగా మచ్చికైనవి’ అంటూ కోళ్లు చూపిస్తే గంపలోంచి ఒక్కోదాన్ని కింద వదలమనండి, నడక చూడండి, కళ్ల మూలలు చూడండి, ఛాతీ చెవికి ఆనించి ఊపిరి వినండి. వద్దని అడ్డుపడితే ఖాళీ చేతులతో వచ్చేయండి.