లెన్స్ లేని కెమెరాతో నాలుగేళ్లు

హంపి విరూపాక్షాలయంలో గోపురం నీడ చిన్న కన్నంలోంచి తలకిందులుగా గోడ మీద పడటం చూసే ఉంటారు. నా పిన్‌హోల్ కెమెరా కూడా అంతే, కాకపోతే సంచీలో పడుతుంది. టేకు డబ్బా, ముందు రేకులో 0.18 మిల్లీమీటర్ల చిల్లు, దానికి 25 మిల్లీమీటర్ల వెనక 120 సైజు ఫిల్మ్ రోలు. దూరాన్ని చిల్లు వెడల్పుతో భాగిస్తే దాదాపు ఎఫ్ 139, అంటే లోపలికి వచ్చే వెలుగు చాలా తక్కువ. లెన్స్, బ్యాటరీ, వ్యూఫైండర్ ఏమీ లేవు. మిట్టమధ్యాహ్నం ఎండలో 100 ఐఎస్ఓ వేగమున్న ఫిల్మ్‌కి సెకను కూడా పట్టదు. నీడలోకి వెళ్తే మాత్రం అంకెలు లెక్కపెడుతూ నిలబడాలి.

ఆ లెక్కలో ఓ తిరకాసు ఉంది. వెలుగు తగ్గి ఎక్స్‌పోజర్, అంటే చిల్లు తెరిచి ఉంచే సమయం, పెరిగేకొద్దీ ఫిల్మ్ మందగిస్తుంది. నేను వాడే ఫోమాపాన్ 100 అనే ఫిల్మ్‌కి వెలుగు కొలిచే మీటరు 10 సెకన్లంటే 80 ఇవ్వాలి. అది తెలియక మొదటి రోల్లో 12కి తొమ్మిది ఫ్రేములు గాజుముక్కల్లా ఖాళీగా వచ్చాయి. ఇప్పుడు ఆ పట్టిక చీటీ మీద రాసి డబ్బాకి అంటించుకున్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. వానాకాలంలో చెక్క ఉబ్బి వెనక మూత ఓ పట్టాన రాదు. ఫ్రేము నంబరు చూసుకునే ఎర్ర కిటికీకి మన ఎండలో నల్ల టేపు వేయాల్సిందే. ఫిల్మ్ తిప్పడం మర్చిపోతే బొమ్మ మీద బొమ్మ. నాకైతే నెలకోసారి తప్పదు! స్పష్టత కావాలంటే దీని జోలికి రావద్దు. దగ్గరున్న రాయీ దూరాన ఉన్న కొండా ఒకేలా మెత్తగా ఉంటాయి. గీతలు మాత్రం వంగవు, ఇంత వెడల్పు దృశ్యంలో కూడా.

పోయినేడు లాడ్ బజార్‌లో పొద్దు వాలాక ట్రైపాడ్ వేసి షట్టర్ రేకు జరిపాను. ఎనభై లెక్కపెట్టాలి. గాజుల దుకాణాయన "క్యా డబ్బా హై భాయ్ యే?" అన్నాడు. కెమెరా అంటే నమ్మలేదు, బటన్ ఎక్కడని అడిగాడు. నలభై మూడో, నలభై ఆరో, నా లెక్క అక్కడే తప్పింది.

ఫిల్మ్ కడిగి చూస్తే అంత జనంలో నడిచేవాళ్లు ఒక్కరూ లేరు. గాజుల వరసలున్నాయి, స్టాండ్ వేసిన స్కూటరుంది, కూర్చున్న ఆయన చొక్కా ఉంది. తల ఆడిస్తూ మాట్లాడాడుగా, మొహం ఉండాల్సిన చోట పొగ.

ప్రింటు తీసుకెళ్లి ఇస్తే దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "సబ్ ఠీక్ హై. మేరా మూఁ కహాఁ గయా?"