తిరుపతిలో కుట్టించిన రాగుల సంచి సఫారీ ఫొటోలకు ఎంతవరకు పనికొస్తుంది?

అడవి జంతువులను ఫొటో తీయడానికి వెళ్ళేవారు ఏ లెన్సు కొనాలా అని నెలల తరబడి ఆలోచిస్తారు గానీ, ఆ లెన్సును దేనిమీద ఆనించాలన్నది బయలుదేరే ముందురోజు దాకా పట్టించుకోరు. సఫారీ వాహనంలో ట్రైపాడ్ నిలబెట్టేంత చోటు ఉండదు, కిందికి దిగడానికి అనుమతి అసలే ఉండదు. అందువల్ల బరువైన లెన్సుకు అక్కడ నమ్మదగిన ఆధారం బీన్ బ్యాగ్, అంటే గింజలు నింపిన సంచి. తిరుపతిలో స్కూలు బ్యాగులు, ప్రయాణపు సంచులు కుట్టే ఒక చిన్న దుకాణంలో కొలతలు చెప్పి కుట్టించుకున్న సంచిని కర్ణాటకలోని కబిని అడవిలోను, కెన్యాలోని మసాయి మారాలోను వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

సంచి ముతక కాన్వాసు గుడ్డతో కుట్టినది. రెండు అరలు, వాటి మధ్య ఇరుకైన నడుము ఉంటాయి. జీపు తలుపు మీద వేస్తే ఒక అర లోపలికి, ఒక అర బయటికి వేలాడి, నడుము భాగం అంచు మీద కదలకుండా కూర్చుంటుంది. చదునుగా ఉన్న చోట రెండు అరలనూ దగ్గరికి తెస్తే మధ్యలో ఏర్పడే పల్లంలో లెన్సు ఒదిగిపోతుంది. పూర్తిగా నింపితే నాలుగు కిలోల దాకా రాగులు పడతాయి గానీ, ముప్పాతిక వంతు నింపితేనే మంచిది. బిగుతుగా నింపిన సంచి మీద లెన్సు జారుతుంది, కొంచెం వదులుగా ఉన్న సంచి లెన్సు ఆకారాన్ని పట్టుకుంటుంది. గుడ్డ, జిప్పు, కూలీ అన్నీ కలిపి 600 రూపాయలు తీసుకున్నారు.

సంచి పనితనమంతా అందులో పోసే గింజలోనే ఉంది. థర్మోకోల్ పూసలు తేలిగ్గానే ఉంటాయి, కానీ రెండు కిలోలు దాటిన లెన్సు పెట్టగానే నలిగి అణిగిపోతాయి, కదిలినప్పుడల్లా కిరకిరమంటాయి. బియ్యం ఫర్వాలేదు గానీ పొడుగు గింజ కావడంతో ఒకదానికొకటి అడ్డుపడి, లెన్సును కొద్దిగా తిప్పాలన్నా సంచిని మళ్ళీ సర్దుకోవలసి వస్తుంది. రాగులు చిన్నవి, గుండ్రనివి, గట్టివి. చంటిపిల్లల తలకింద పెట్టే ఆవాల దిండు లాగే, బరువు పడిన చోట పక్కకు జరిగి, జరిగిన చోటే నిలిచిపోతాయి. పైగా రాగులకు పురుగు త్వరగా పట్టదు. సంగటి తినే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ గింజ కోసం వెతుక్కోవలసిన పని లేదన్నది మరో సౌకర్యం.

ఈ ఆధారం ఎంత అవసరమో అంకెల్లో చెప్పవచ్చు. నేను వాడే నికాన్ 200-500 మి.మీ. లెన్సు బరువు, ట్రైపాడ్ మీద బిగించడానికి దానికుండే కాలరుతో కలిపి, 2,300 గ్రాములు. 500 మి.మీ. వద్ద ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాకు కనిపించే దృశ్యం మూలనుంచి మూలకు దాదాపు ఐదు డిగ్రీలు మాత్రమే, కాబట్టి చేతి వణుకు ఏ కొంచెమున్నా చిత్రంలో పెద్దదై కనిపిస్తుంది. చేత్తో పట్టుకుని తీస్తే షట్టరు వేగం కనీసం సెకనులో 500వ వంతు ఉండాలని పాత లెక్క. ఇప్పటి లెన్సుల్లో వణుకును తగ్గించే ఏర్పాటు ఉన్నా, గంటల తరబడి రెండు కిలోల బరువు మోసే భుజాలకు అది విశ్రాంతి ఇవ్వలేదు. సింహాలు, చిరుతపులులు చురుగ్గా తిరిగేది తెల్లవారుజామున, సాయంత్రం వెలుగు తగ్గే వేళలో. ఆ వెలుగులో సెకనులో 500వ వంతు కావాలంటే కెమెరా సెన్సరు వెలుగుకు స్పందించే స్థాయి అయిన ఐఎస్‌ఓను బాగా పెంచవలసి వస్తుంది, అప్పుడు జూలు వెంట్రుకల వివరం గరుకుదనంలో కలిసిపోతుంది. రాగుల సంచి మీద లెన్సు ఆనించి, కదలకుండా నిలబడిన ఏనుగును సెకనులో 60వ వంతు వేగంతో తీసినా చర్మం మీది ముడతలన్నీ స్పష్టంగా వచ్చాయి. ఒక్క షరతు: ఇంజను ఆపాలి. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆ అదురు సంచి గుండా లెన్సులోకి వస్తూనే ఉంటుంది. బండి ఆగగానే ఇంజను ఆపమని డ్రైవరును మర్యాదగా ముందే అడిగి పెట్టుకోవడం మేలు. జంతువుకు కూడా ఆ నిశ్శబ్దం అవసరం.

మసాయి మారాలో వాహనాల పైకప్పు పైకి లేస్తుంది, నిలబడి చుట్టూ చూడవచ్చు. పైకప్పు అంచు మీద సంచి చక్కగా కూర్చుంది. అయినా నా అభిప్రాయంలో ఈ సంచికి సరైన చోటు కిటికీయే. పైనుంచి తీస్తే సింహం గడ్డిలో అణిగిపోయినట్టు కనిపిస్తుంది, కిటికీ ఎత్తునుంచి తీస్తే దాని కంటికి దాదాపు ఎదురుగా ఉంటాము, వెనుక ఆ మైదానమంతా విప్పారుతుంది. అక్కడ జంతువుకు కనీసం 25 మీటర్ల దూరం పాటించాలని, ఒక జంతువు దగ్గర ఐదు వాహనాలకు మించి ఉండకూడదని నియమం ఉంది. లెన్సు స్థిరంగా ఉన్నప్పుడు ఆ దూరం లోటుగా అనిపించదు, ఇంకొంచెం దగ్గరికి పోనిమ్మని డ్రైవరును తొందరపెట్టే అవసరమూ రాదు. నాకు ఈ సంచిలో అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే.

పరుగెత్తే జంతువుల విషయంలో మాత్రం సంచి వెనకబడుతుంది. ఆవును పోలిన జింకజాతి జంతువులైన వైల్డబీస్టులు ఉరకలు వేస్తూ పోతున్నప్పుడు వాటి వెంట లెన్సును తిప్పబోతే కాన్వాసు పట్టుకుంటుంది, కదలిక సాఫీగా రాదు. అప్పుడు లెన్సును చేతిలోకి తీసుకోవడమే నయం. పొద్దెక్కాక నేలనుంచి లేచే వేడిగాలి వల్ల దూరపు జంతువు నీళ్ళలో ఉన్నట్టు వణుకుతూ కనిపిస్తుంది. దానికి ఏ సంచీ మందు కాదు.

కుట్టుపనిలో రెండు లోపాలు కనిపించాయి. మొదట వేసిన ఇనుప జిప్పు లెన్సు ముందు తగిలించే హుడ్‌కు గీతలు పెట్టింది. ఒక మూల ఒంటి కుట్టు విడిపోయి కబినిలో జీపు నిండా రాగులు రాలాయి. తిరిగి తీసుకువెళ్ళి చూపితే మారుమాట లేకుండా నైలాన్ జిప్పును అడుగువైపుకు మార్చి, మూలలకు నైలాన్ దారంతో రెండు వరుసల కుట్టు వేసి ఇచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు.

పలమనేరు వైపు పొలాల్లోకి దిగే ఏనుగులను తీయడానికి ఇది పనికొస్తుందా అని మిత్రులు కొందరు అడుగుతున్నారు. పనికిరాదని కాదు, అసలు అక్కడికి ఆ పనిమీద వెళ్ళవద్దని నా విన్నపం. 1990లో ప్రకటించిన కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల రైతు పంట కోసం, ఏనుగు మేత కోసం ఒకే చేనులో ఎదురుపడుతున్నాయి. ఆ రాత్రివేళ కెమెరాతో వెళ్ళే మనిషి వల్ల ఇద్దరికీ అపాయం పెరుగుతుంది. ఏనుగులను తృప్తిగా చూడాలంటే వేసవిలో కబిని జలాశయపు ఒడ్డుకు వెళ్ళండి, నీటికోసం మందలు మందలుగా పగలే వస్తాయి.

విదేశానికి వెళ్ళేవారు సంచిని ఖాళీగా తీసుకువెళ్ళాలి. గింజలను సరిహద్దు దాటించడం చిక్కుతో కూడిన పని, పైగా నైరోబీనుంచి మారాకు వెళ్ళే చిన్న విమానాల్లో సామాను సాధారణంగా 15 కిలోలకే పరిమితం. కెన్యాలోనూ రాగులు ప్రజల ఆహారమే, వింబి అన్న పేరుతో బజారులో దొరుకుతాయి. గింజలను నేరుగా కాన్వాసులో పోయకుండా లోపల పలుచని నూలు సంచిలో పోసి పెడితే శుభ్రంగా ఉంటాయి, తిరుగు ప్రయాణంలో క్యాంపు వంటవారికి ఇచ్చి రావచ్చు. కుట్టించుకునేవారు ఆ లోపలి సంచిని కూడా అప్పుడే అడగండి, గుడ్డకు మరో వంద రూపాయలు చాలు.