గంటస్తంభం దగ్గర మగవాళ్ల హీల్స్: మూడంగుళాల వరకు సరే, ఆపైన వద్దు

విజయనగరం గంటస్తంభం నుంచి బజారులోకి దిగే సందుల్లో ఉన్న ఈ చెప్పుల కొట్టుకి బోర్డు లేదు. బయట నాలుగు జతల తోలు చెప్పులు వేలాడుతుంటాయి, అంతే. లోపల మాత్రం మగవాళ్ల కొలతకి హీల్స్ కుట్టి ఇస్తారు. ముందే తేల్చి చెప్పేస్తే, మూడంగుళాల వరకు బ్లాక్ హీల్ అయితే ధైర్యంగా చేయించుకోండి. నాలుగంగుళాల పెన్సిల్ హీల్ మాత్రం, ఎంత ముచ్చటపడినా, ఇక్కడ కుదరదు.

కుట్టించుకోవాల్సిన అవసరం ఎందుకంటే, లేడీస్ షాపుల్లో 41 సైజు దాటి దొరకడం కష్టం. 41 అంటే సుమారు 26 సెంటీమీటర్ల పాదం వరకే. పొడవు సరిపోయినా వెడల్పు చాలదు: మగవాళ్ల పాదం వేళ్ల మొదట్లో వెడల్పుగా ఉంటుంది కాబట్టి చిటికెన వేలు బయటి అంచుకి రాసుకుంటుంది. పెద్ద సైజు తీసుకుని సర్దుకుందామంటే పాదం ముందుకు జారి, వేళ్లన్నీ మొనలో ఇరుక్కుంటాయి.

కొలత తీసుకునే పద్ధతి ఈ కొట్టులో బాగుంది. కూర్చోబెట్టి గీయరు, నిలబెట్టి రెండు పాదాలూ కాగితం మీద గీస్తారు. బరువు పడ్డప్పుడు పాదం విచ్చుకుంటుంది, కూర్చుని తీసిన కొలత ఆ మేరకు తక్కువొస్తుంది. తర్వాత వేళ్ల మొదట్లో చుట్టుకొలత, పాదం పైభాగం చుట్టుకొలత, మడమ వెడల్పు తీస్తారు. మీరు అడిగి చేయించుకోవాల్సింది ఒకటుంది. మడమ కింద కావలసిన ఎత్తులో చెక్క ముక్క పెట్టించుకుని పై చుట్టుకొలత మళ్లీ తీయించండి. మడమ లేచాక పాదం ఆకారం మారుతుంది, చదునుగా నిలబడి తీసిన కొలతతో కుట్టిన బూటు పైన వదులుగానో బిగువుగానో తేలుతుంది. సాయంత్రం పూటే వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. 26.5 సెంటీమీటర్ల పాదానికి ఇక్కడ 8 నంబరు అచ్చు, అంటే బూటు కుట్టడానికి వాడే పాదం ఆకారపు దిమ్మ, తీస్తున్నారు. అది సరైన లెక్కే.

అసలు సంగతి అచ్చు దగ్గరే ఉంది. ప్రతి అచ్చుకీ మడమ ఎంత ఎత్తులో ఉండాలో ముందే చెక్కి ఉంటుంది. మామూలు మగవాళ్ల బూట్ల అచ్చు అంగుళం హీల్‌కి చేసింది. ఈ కొట్టులో దానితో పాటు కౌబాయ్ తరహా బూట్ల కోసం రెండంగుళాల అచ్చులు కూడా ఉన్నాయి. మూడంగుళాల హీల్ అడిగితే రెండంగుళాల అచ్చు మీదే కుట్టి, ముందు సోలు కింద ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా ప్లాట్‌ఫారం వేస్తారు. వెనక మూడు, ముందు ఒకటి, అంటే పాదానికి తెలిసే వాలు రెండంగుళాలే. పని తెలిసినవాడు చేసే తెలివైన సర్దుబాటు అది.

నాలుగంగుళాల పెన్సిల్ హీల్‌కి ఈ ఉపాయం పనిచేయదు. అలాంటి అచ్చు మగవాళ్ల సైజులో వాళ్ల దగ్గర లేదు. ఉన్న అచ్చు మీదే కుట్టి పొడుగు హీల్ తగిలిస్తారు. జతని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. బూటు మొత్తం ముందుకు ఒరిగి, మొన నేలకి గుచ్చుకుంటుంది. హీల్ అడుగు ముందు అంచు మాత్రమే ఆనుతుంది, వెనక అంచు కింద కాగితం దూరుతుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి సరిచేశామంటారు. అరగదీస్తే అడుగు చదునవుతుంది గానీ లోపలి వాలు మారదు.

అడిగినవాళ్లకి కాదనలేక ఒప్పుకుంటున్నారనిపిస్తుంది. కాదనడమే మంచిది.

హీల్ బిగింపులో మాత్రం వంక పెట్టలేం. చాలాచోట్ల సొల్యూషన్ పూసి అతికించి, పైనుంచి రెండు మేకులు కొట్టి చేతులు దులుపుకుంటారు. డెబ్బై ఎనభై కిలోల మనిషి మెట్లు దిగుతూ మడమ మోపినప్పుడు ఆ అతుకు ఊడుతుంది. ఇక్కడ లోపలి వైపు నుంచి నడిమధ్య ఒక స్క్రూ, చుట్టూ ఐదు మేకులు దింపి, ఆపైన అట్ట పరుస్తారు. డెలివరీ తీసుకునేటప్పుడు ఆ అట్ట ఎత్తి చూపించమనండి, చూపిస్తారు. హీల్‌ని పిడికిట పట్టి పక్కలకి మెలితిప్పండి. కిర్రుమన్నా, సన్నటి సందు కనిపించినా అక్కడే వెనక్కివ్వండి.

రెండో పరీక్ష బూటు నడుముది. మడమకీ వేళ్ల మొదలుకీ మధ్య, సోలు లోపల, సుమారు పది సెంటీమీటర్ల ఉక్కు పట్టీ ఉండాలి. రెండు చేతులతో బూటుని వంచితే వేళ్ల మొదట్లోనే వంగాలి, నడుములో వంగకూడదు. నడుములో వంగిందంటే పట్టీ లేదు, లేదా రేకు ముక్క వేశారు. హీల్ వెనక్కి మడతపడి చీలమండ బెణికేది ఇలాంటి జతలతోనే. ఇక్కడి బ్లాక్ హీల్ బూట్లలో పట్టీ గట్టిగానే ఉంది. చవకగా కుట్టే రెగ్జిన్ చెప్పుల్లో మాత్రం అడక్కపోతే వేయడం లేదు.

ఇంకో లోపం మడమ పట్టు. మగవాళ్ల అచ్చు కాబట్టి ముందు వెడల్పు హాయిగా ఉంటుంది, మడమ గిన్నె కూడా అదే పాళంగా వెడల్పై అడుగడుగునా జారుతుంది. అందుకే పంప్, అంటే పాదం పైన కట్టు లేకుండా తెరిచి ఉండే రకం, అడక్కండి. చీలమండ దాటే బూటు గానీ, బకిల్ పట్టీ ఉన్నది గానీ తీసుకోండి.

సోలు విషయంలో కొట్టువాళ్ల సలహా వినొద్దు. తేలిక అని పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) సోలు చూపిస్తారు. మన కోస్తా తేమకి పీయూ లోలోపలే చివికి, ఏళ్ల తరబడి పెట్టెలో దాచిన జత ఒకరోజు వేసుకోగానే ముక్కలుగా రాలుతుంది. రబ్బరు షీటు వేయించండి. పైభాగానికి తోలే మేలు. రెగ్జిన్ మడతల దగ్గర పొరలుగా లేస్తుంది. తోలుకి వానాకాలంలో బూజు పడుతుంది, కానీ పొడిగుడ్డతో తుడిచి లోపల వార్తాపత్రిక కుక్కి గాలి తగిలే చోట పెడితే పోతుంది. తోలు బూటు జత 2,800, రెగ్జిన్ 1,900 తీసుకుంటున్నారు. ఆ తేడా భరించదగ్గదే.

హీల్ టిప్ మార్చడం ఇక్కడే చేయించుకోండి. బ్లాక్ హీల్‌కి ఆరు మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అతికించి మేకులు కొడతారు. మేకు తలలు నేలకి తగిలేదాకా ఆగితే మార్బుల్ మీద జారతారు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లన్నీ మార్బులే. సగం అరగ్గానే తీసుకెళ్లండి.

కొట్టువాళ్ల మర్యాద గురించి అడిగేవాళ్లుంటారు. "ఎవరికి?" అని అడగరు, "ఎన్నంగుళాలు పెట్టమంటారు బాబూ?" అంటారు. నలుగురిలో వేసి చూసుకోవడం ఇబ్బందైతే వెనక గదిలో బల్ల ఉంది. అయినా హీల్ మొదట్లో మగవాళ్లదే. రికాబులో పాదం జారకుండా పర్షియా రౌతులు వేసుకున్నదది, తర్వాత ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఎర్ర హీల్స్‌తో చిత్రాలు గీయించుకున్నాడు. రౌతులది బ్లాక్ హీలే, పెన్సిల్ హీల్ కాదు.

కొత్తవాళ్లు రెండంగుళాలతో మొదలుపెట్టండి. మొదటివారం ఇంట్లో అరగంట చాలు, అడుగులు చిన్నవిగా వేయండి. విప్పగానే గోడకి చేతులానించి పిక్కలు సాగదీయాలి. రోజంతా ఎత్తు మడమతోనే తిరిగితే పిక్క కండరం కురచబడి, చదును చెప్పులు వేసుకున్నప్పుడు లాగుతుంది. ప్యాంటు కుట్టించేటప్పుడు ఈ బూట్లు తొడుక్కుని టైలర్ ముందు నిలబడండి, అంచు నేలకి సెంటీమీటరు పైన ఆగాలి. పంచె మీద కూడా బ్లాక్ హీల్ బాగుంటుంది, మా లెక్కన ప్యాంటు కన్నా బాగుంటుంది. కాకపోతే కుచ్చిళ్ల అంచు హీల్ కింద పడకుండా రెండు వేళ్లంత పైకి కట్టాలి.

శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలసలో రైలెక్కి రావచ్చు గానీ రెండుసార్లు రావాల్సి ఉంటుంది, ఒకసారి కొలతకి, ఇంకోసారి సోలు అతికించకముందు తొడిగి చూసుకోవడానికి. రెండోసారి రాలేమంటే నేరుగా పూర్తిచేసేస్తారు. దానికి ఒప్పుకోకండి, సోలు పడ్డాక సరిచేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అది అయ్యేదాకా ఆర్డర్ ఇవ్వొద్దు. ఆ రోజుల్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర అడుగు పెట్టలేరు, పని కూడా హడావుడిగా చేస్తారు. అడ్వాన్సు మూడోవంతుకి మించి ఇవ్వక్కర్లేదు. చీటీ మీద హీల్ ఎత్తు, ప్లాట్‌ఫారం మందం, సోలు రకం మూడూ రాయించుకోండి.