ప్రీయాంప్ లేకుండా మూడేళ్లు: ఆర్‌ఎంఈ ఏడీఐ-2 డాక్ నుంచి నేరుగా పవర్ యాంప్‌కి

డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) సిగ్నల్ నీరసంగా ఉంటుందని, ప్రీయాంప్ (యాంప్‌కి ముందు వాల్యూమ్ చూసే పెట్టె) పెట్టి పెంచితే తప్ప స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కి చాలదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. లెక్క వేస్తే అది నిలబడదు. సీడీ ప్లేయర్లు వచ్చినప్పటి నుంచి లైన్ అవుట్‌పుట్ 2 వోల్టులు. పవర్ యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) మామూలుగా 26 నుంచి 29 డీబీ. 26 డీబీ అంటే వోల్టేజి 20 రెట్లు. 2 వోల్టులు ఉన్నదున్నట్టు ఇస్తే స్పీకర్ దగ్గర 40 వోల్టులు, 8 ఓమ్‌ల మీద 200 వాట్లు. 100 వాట్ల యాంప్‌ని పూర్తిగా నడపడానికి 1.41 వోల్టులు చాలు. అంటే ఇంట్లో ప్రీయాంప్ రోజూ చేసే పని పెంచడం కాదు, తగ్గించడమే. రాత్రిపూట వినేటప్పుడు 40 డీబీ కూడా తగ్గించాల్సి వస్తుంది.

అందుకే అసలు ప్రశ్న, ఆ తగ్గించే పని ఎక్కడ జరగాలన్నది. ఈ మూడేళ్లలో మూడు రకాలుగానూ విన్నాను: మధ్యలో యాక్టివ్ ప్రీయాంప్, మధ్యలో ఉత్త పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ తిప్పే నిరోధకం, పాట్) డబ్బా, ఏమీ లేకుండా నేరుగా. యాంప్ గెయిన్ 26 డీబీ, స్పీకర్లు 87 డీబీ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం). నేరుగా పెట్టిందే మిగిలింది.

దానికి ముఖ్య కారణం నా ఆర్‌ఎంఈ ఏడీఐ-2 డాక్‌లో ఉన్న రిఫరెన్స్ లెవెల్ (గరిష్ఠ అవుట్‌పుట్‌కి హద్దు) సదుపాయం. ఆర్‌సీఏ అవుట్‌పుట్‌ని -5, +1, +7, +13 డీబీయూల్లో ఒకదానికి కట్టేయవచ్చు. ఇది సాఫ్ట్‌వేర్‌లో కోత కాదు, అనలాగ్ వైపున మారేది. వోల్టుల్లో వరుసగా 0.44, 0.87, 1.73, 3.46. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ కనెక్టర్) అయితే ప్రతిదానికీ 6 డీబీ కలుపుకోండి. ఇప్పుడు మీ యాంప్‌తో లెక్క కట్టండి. +1 దగ్గర 0.87 ఇంటూ 20 అంటే 17.4 వోల్టులు, 8 ఓమ్‌లకి సుమారు 38 వాట్లు. 87 డీబీ స్పీకర్‌తో మీటరు దూరంలో 103 డీబీ దాకా వెళ్తుంది. హాల్లో ఇంతకంటే కావాలనేవాళ్లకి చెవుల డాక్టరు దగ్గరికి దారి చూపించాలి. అందుకే +1 పెట్టి, ఆటో రెఫ్ లెవెల్ ఆపేశాను. ఆటోలో ఉంటే వాల్యూమ్‌ని బట్టి అదే పై మెట్టుకి ఎక్కేస్తుంది. ఆపి ఉంటే పిల్లలు నాబ్ తిప్పేసినా ఆ 38 వాట్ల గోడ అలాగే ఉంటుంది.

డిజిటల్ వాల్యూమ్ వల్ల బిట్లు పోతాయన్న భయం సగం నిజం. ఒక్కో బిట్టుకి 6 డీబీ. 30 డీబీ తగ్గిస్తే 5 బిట్లు. 16 బిట్ల పాటని 16 బిట్లలోనే కోస్తే నష్టమే. కానీ 24 బిట్ల దారిలో కింద 8 బిట్లు ఖాళీ, అంటే 48 డీబీ జాగా. నిజంగా చూడాల్సింది బిట్లు కాదు, డాక్ సొంత అనలాగ్ నాయిస్. సంగీతం తగ్గినా అది తగ్గదు కాబట్టి. 2 వోల్టుల అవుట్‌పుట్, 120 డీబీ డైనమిక్ రేంజ్ (గరిష్ఠ సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య దూరం) ఉన్న డాక్ నాయిస్ 2 మైక్రోవోల్టులు. యాంప్ దాటాక 40. 87 డీబీ స్పీకర్‌లో అది సున్నా డీబీ కంటే పది డీబీ కింద, అంటే వినపడదు. చాలా యాంప్‌ల సొంత నాయిస్ దీనికంటే ఎక్కువే. 105 డీబీ హార్న్ స్పీకర్లతో మాత్రం ట్వీటర్‌కి చెవి ఆనించి చూసుకోవాలి.

పొటెన్షియోమీటర్ డబ్బా చవక, కానీ విలువ తప్పితే ట్రెబుల్ తినేస్తుంది. 6 డీబీ తగ్గించిన స్థానంలో దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే నిరోధం) మొత్తం విలువలో పావు వంతు ఉంటుంది. 50 కిలో ఓమ్‌ల పాట్ అయితే 12.5 కిలో ఓమ్‌లు. దాని వెనక 300 పికోఫారడ్ల కేబుల్ (3 మీటర్లనుకోండి) ఉంటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 0.9 డీబీ పోతుంది. 10 కిలో ఓమ్‌ల పాట్ వాడితే ఆ గొడవ లేదు. చౌక పాట్‌లలో ఇంకో జబ్బు, తక్కువ వాల్యూమ్‌లో ఎడమ కుడి సమానంగా ఉండవు. పాట మధ్యలో ఉండాల్సిన గొంతు ఒక పక్కకి జరుగుతుంది.

పోల్చి వినాలనుకుంటే లెవెల్ కలపడం తప్పనిసరి. 1 డీబీ ఎక్కువున్నదే ఎప్పుడూ "ప్రాణం ఉన్న" శబ్దంలా అనిపిస్తుంది. 60 హెర్ట్జ్ టోన్ వాయించి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి, రెండు దారుల్లోనూ ఒకే వోల్టేజి వచ్చేలా చూడండి. 1 శాతం తేడా అంటే 0.1 డీబీ లోపే. 1 కిలోహెర్ట్జ్ టోన్ వద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చూపిస్తాయి. ఇలా కలిపాక యాక్టివ్ ప్రీయాంప్‌కీ నేరుగా పెట్టినదానికీ ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. కొన్నప్పుడు పెట్టిన డబ్బు గుర్తొచ్చి కాస్త బాధేసింది.

ప్రీయాంప్ లేనప్పుడు ప్రమాదం శబ్ద నాణ్యతలో కాదు, వాల్యూమ్ అదుపు తప్పడంలో ఉంది. ఇలా నాబ్ లేని డాక్‌లతో, కంప్యూటర్ వాల్యూమ్ మీదే ఆధారపడేవాళ్లు జాగ్రత్త: ప్లేయర్‌ని ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లోకో ఏసియోలోకో (విండోస్ మిక్సర్‌ని దాటి నేరుగా డాక్‌కి పంపే దారులు) మార్చగానే విండోస్ స్లైడర్ పనిచేయడం మానేస్తుంది, మొత్తం 2 వోల్టులూ యాంప్ మీద పడతాయి. ప్రీ మోడ్ (వాల్యూమ్ మారేది), ఫిక్స్‌డ్ మోడ్ (ఎప్పుడూ పూర్తి లెవెల్) రెండూ ఉన్న డాక్ రీసెట్ అయినా అంతే. అలాంటి చోట కేబుల్‌లో 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే చిన్న ముక్క) పెట్టేయండి. చేతితో చేసుకోవాలంటే ఒక్కో చానెల్‌కి వరుసలో 6.8 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కి 3.3 కిలో ఓమ్‌లు, యాంప్ వైపు ప్లగ్‌లోనే సోల్డర్ చేయాలి. ఇక ఆన్, ఆఫ్ చేసే వరుస: వేసేటప్పుడు యాంప్ చివర, ఆపేటప్పుడు యాంప్ ముందు. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండూ ఒకేసారి లేచి ధబ్బుమనకుండా, దానంతట అది ఆన్ కాని స్విచ్ ఉన్న యాంప్ మేలు. ఈ డాక్‌లో 12 వోల్టుల ట్రిగ్గర్ (యాంప్‌ని దానంతటదే ఆన్, ఆఫ్ చేసే సంకేతం) లేదు, ఆ పని చేత్తోనే. అది నాకు నచ్చని విషయం.

హమ్ సంగతి. మూడు పిన్నుల చార్జర్‌తో లాప్‌టాప్, యూఎస్‌బీ, ఆర్‌సీఏ కలిస్తే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం) తేలిగ్గా ఏర్పడుతుంది. చార్జర్ పీకితే బొయ్యిమనడం ఆగిందా, అదే కారణం. ఆప్టికల్ కేబుల్‌కి మారండి, లేదా యాంప్‌కి ఉంటే ఎక్స్‌ఎల్‌ఆర్. ఎర్త్ పిన్ మాత్రం విరగ్గొట్టకండి. టీవీని ఆప్టికల్‌లో కలిపితే టీవీ సెట్టింగుల్లో ఆడియోని పీసీఎమ్‌కి (కుదించని మామూలు డిజిటల్ ఆడియో) మార్చాలి. డాల్బీలో వదిలేస్తే ఈ డాక్ దాన్ని విప్పలేదు.

ఇక చాలా ప్రీయాంప్‌లలో దొరకనిది, ఇందులో ఉన్నది లౌడ్‌నెస్. వాల్యూమ్ తగ్గేకొద్దీ బాస్, ట్రెబుల్ ఎంత పెరగాలో, ఏ వాల్యూమ్ దగ్గర పూర్తిగా పెరగాలో మనమే పెట్టుకోవచ్చు. రాత్రి తక్కువ శబ్దంలో మృదంగం ఎడమ మొహం వినపడేది దీనివల్లే. అయిదు బ్యాండ్ల ఈక్యూ (ఈక్వలైజర్) కూడా ఉంది. 12 అడుగుల పొడవు గదిలో 47 హెర్ట్జ్ దగ్గర బాస్ గుయ్యిమంటుంది, అక్కడ 5, 6 డీబీ కోస్తే చాలు. బాస్ తగ్గిపోయే గుంతల్ని పూడ్చడానికి పెంచకండి, యాంప్ అలుస్తుంది తప్ప గుంత పూడదు.

టర్న్‌టేబుల్, క్యాసెట్ డెక్ ఉన్నవాళ్లకి ఇది సరిపోదు. దీనికి అనలాగ్ ఇన్‌పుట్ లేదు. యాంప్ తీరు కూడా చూసుకోండి. నెల్సన్ పాస్ చేసిన ఫస్ట్ వాట్ ఎఫ్4 లాంటిదాంట్లో వోల్టేజి గెయిన్ అసలు లేదు, దానికి ముందు గెయిన్ ఉన్న ప్రీయాంప్ పెట్టాల్సిందే. సెకండ్‌హ్యాండ్ పవర్ యాంప్ కొనేముందు అమ్మేవాళ్లని వాట్లతో పాటు గెయిన్ ఎంతో, ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతో అడగండి. ఇంపీడెన్స్ 10 కిలో ఓమ్‌లున్నా ఈ డాక్ సునాయాసంగా నడుపుతుంది.