ఊరు విడిచే ముందు ఆఖరి క్లైంబింగ్ ట్రిప్: హంపి, బాదామి, మళ్ళీ మా భువనగిరి గుట్ట

ఫిబ్రవరి రెండో వారంల నా ఫ్లైట్. నెదర్లాండ్స్ దేశంల ఐండ్‌హోవెన్ ఊర్ల ఉద్యోగం, తక్కువల తక్కువ మూడేండ్లు. యూరప్‌ల ఉన్న నెదర్లాండ్స్ మొత్తంల ఎత్తైన జాగా వాల్సర్‌బెర్గ్ అంట, 322 మీటర్లు, అది గూడ చక్కగ నడుచుకుంట ఎక్కే గుట్ట. చిన్నప్పటి నుంచి భువనగిరి గుట్ట కింద పెరిగినోన్ని, పొద్దున తలుపు తీస్తె ఎదురుంగ ఆ రాయే కనిపిస్తది, అసొంటిది లేని ఊర్ల ఎట్ల ఉంటనో ఇంక నాకు తెలుస్తలేదు. అందుకే సంక్రాంతి కాంగనే వారం రోజులు పెట్టుకోని నేను, మా బావ (మేనత్త కొడుకు), మా తమ్ముడు ముగ్గురం బయల్దేరినం. మూడు రోజులు హంపి, మూడు రోజులు బాదామి, ఒకరోజు మా గుట్ట. ఎవరన్న ఇదే రూట్ల పోవాలనుకుంటె పనికొస్తదని వివరంగ రాస్తున్న.

ముందు ఒక మాట చెప్పాలె. నేను, బావ ఎనిమిదేండ్ల నుంచి ఒకటే తాడు మీద ఎక్కుతున్నం, ఆయన ఎక్కితె నేను కింద తాడు పడుత, నేను ఎక్కితె ఆయన పడుతడు. దాన్నే బిలే అంటరు. పైనోడు జారితె ఆపేది కిందోని చెయ్యే, అందుకే ఎవర్ని పడితె వాళ్ళని నమ్మి ఎక్కలేం. నేను పోతె బావకు తాడు పట్టేటోడు లేడు. తమ్మునికి నేర్పుదాం అన్న ఆలోచన బస్సుల కూసున్నంక వచ్చింది, ముందే వచ్చుంటె ప్లాన్ ఇంకో తీరు చేసుకుందుం. ఎందుకో కింద చెప్త.

హంపికి పోవుడు: హైదరాబాద్ నుంచి చాలామంది హొసపేట దాక టికెట్ చేస్తరు. క్లైంబింగ్‌కి పొయ్యేటోళ్ళు గంగావతిల దిగుండ్రి. ఎందుకంటె గుండ్లు ఎక్కే జాగాలన్ని తుంగభద్రకు అవతల, ఆనెగొంది, సాణాపుర దిక్కు ఉంటయ్, గంగావతి నుంచి ఆటోల సీదా పోవచ్చు, నది దాటే పని లేదు. మేం పోయింది ప్రైవేట్ స్లీపర్ బస్సు, రెండున్నర గంటలు లేటు, అడిగితె ఎవరూ సరిగ్గ జవాబు చెప్పలేదు, ఫోన్ చేస్తె ఎత్తలేదు, చలిల రోడ్డు మీద నిలబడ్డం. తర్వాత గంగావతిల ఆటో అన్న అచ్చ తెలుగుల మాట్లాడిండు, ప్రాణం లేచొచ్చింది! 1953ల తుంగభద్ర డ్యామ్ అయినంక ఆంధ్ర నుంచి రైతులు వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నరు, వాళ్ళ ఊర్లను ఇప్పటికీ క్యాంపులు అంటరు. ఆ అన్న వాళ్ళ తాత కూడ అట్లనే వచ్చిండంట. పుట్టింది ఇక్కడే, కన్నడ మనకంటె బాగ వస్తది, కానీ ఇంట్ల తెలుగే అన్నడు. పోతున్న మనిషిని కదా, ఆ మాట నాకు శానసేపు మనసుల ఉండిపోయింది.

ఉండేది: ఒకప్పుడు అందరూ హంపి గుళ్ళకు నది అవతలున్న విరూపాపుర గడ్డెల ఉండేటోళ్ళు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చినంక 2020 మార్చిల అక్కడి రిసార్టులన్ని కూలగొట్టిన్రు, పాత బ్లాగులు చూసుకోని పోతె మోసపోతరు. ఇప్పుడు సాణాపుర, ఆనెగొందిలనే హోమ్‌స్టేలు. మేం సాణాపురల వరిపొలాల పక్కన ఒక చిన్న హోమ్‌స్టేల ఉన్నం, ముగ్గురికి ఒక రూమ్, మంచాలు మంచిగున్నయ్, దోమతెర ఉంది, వేడినీళ్ళు మాత్రం రెండోరోజు రాలేదు. అన్నం పప్పు ఇంటి తీరు పెట్టిన్రు. ఆ అమ్మ చీకటి పడ్డంక కాలువ దిక్కు పోకుండ్రి బిడ్డా అని రోజూ చెప్పింది. 2025 మార్చిల ఆ కాలువ దగ్గర రాత్రి నక్షత్రాలు చూస్తున్న పర్యాటకుల మీద దాడి, అత్యాచారం జరిగినయ్, ఆడపిల్లలతోని పోయేటోళ్ళు ఈ మాట గట్టిగ పట్టించుకోండ్రి, నక్షత్రాలు చూద్దామనుకుంటె ఇంటి మిద్దె మీదికెల్లి చూసుకోవచ్చు.

ఇగ ఎక్కుడు. హంపిల తాడు అవసరం లేదు, బౌల్డరింగ్, అంటె చిన్న గుండ్లను ఒట్టిగనే ఎక్కి, పడితె కింద మందంపాటి పరుపు మీద పడుడు. ఆ పరుపును క్రాష్ ప్యాడ్ అంటరు, అక్కడే కిరాయికి దొరుకుతది. మాకు ఇచ్చిన రెండిట్ల ఒకటి లోపల ఫోమ్ పూర్తిగ కూసుకపోయింది, మొదటిరోజు చూసుకోలేదు, మడమ నొప్పి పట్టినంక చూసినం. తీసుకునేటప్పుడే ప్యాడ్ మీద మోకాళ్ళ మీద పడి చూడుండ్రి, మోకాలికి నేల తగిలితె వద్దని చెప్పుండ్రి, మొహమాటం అక్కర్లేదు.

రాయి సంగతికొస్తె, హంపిది గ్రానైటే, మాదీ గ్రానైటే. కానీ హంపి రాయి మీద పలుకులు బయటికి పొడుచుకోని ఉంటయ్, మొదటిరోజు సాయంత్రానికే నా వేళ్ళ చివర్లు ఎర్రగయినయ్, రెండోరోజు టేప్ చుట్టుకోని ఎక్కిన. అమెరికా క్లైంబర్ క్రిస్ శర్మ అంతటోడు వచ్చి ఎక్కినంక ప్రపంచమంత ఇక్కడికి వస్తున్నరు, రిషిముఖ్ అనే గుట్ట మీద పొద్దున ఆరింటికి పోతె ఫ్రెంచోళ్ళు, కొరియావోళ్ళు, బెంగుళూరు పిల్లలు అందరూ ఒక గుండు చుట్టూ నిలబడి ఒకరికొకరు చేతులడ్డం పెడుతుంటరు, ఎవరు పడ్డా పట్టుకుంటరు. ఆ వాతావరణం నాకు మస్తు నచ్చింది. పొద్దున తొమ్మిదిన్నర దాటితె రాయి కాలుతది, చెయ్యి జారుతది, మళ్ళ నాలుగింటి దాక ఏం చెయ్యలేం. మేం ఆ టైంల పడవెక్కి అవతల విరూపాక్ష గుడికి పోయినం. సాయంత్రం పడవ బంద్ అయితది, ఆఖరి పడవ ఎప్పుడో దిగేటప్పుడే అడుగుండ్రి, తప్పితె బుక్కసాగర వంతెన మీదుగ చుట్టూ తిరిగి రావాలె. గుళ్ళ దిక్కు రాళ్ళను మాత్రం ఎక్కొద్దు, అది రక్షిత ప్రాంతం, చాక్ (చేతులు జారకుండ పూసుకునే తెల్ల పొడి) మరకలు కూడ పెట్టొద్దు.

సాణాపుర చెరువుల పుట్టి ఎక్కినం, తమ్ముడు గుండ్రంగ తిప్పమని ఆ తాతను మూడుసార్లు అడిగిండు. అది బాగుంది. నీళ్ళల్ల దిగలేదు.

హంపి మీద నా అభిప్రాయం: ప్రేమ ఎంతున్నా, ఆఖరి ట్రిప్‌కి మూడు రోజులు ఎక్కువైంది. వేళ్ళ తోలు రెండ్రోజులకే అయిపోతది. ఇంకోటి, తాడు లేని జాగాల తాడు పట్టుడు ఎట్ల నేర్పుత? ఆ మూడు రోజులు తాడు రూమ్‌ల బ్యాగ్‌లనే ఉంది. మళ్ళ పోతె ఒకటిన్నర రోజు హంపి, మిగతాదంత బాదామికే ఇస్త.

హొసపేట నుంచి గదగ్ దాక రైలు, అక్కడ దిగి బస్సుల బాదామి. బస్సుల బ్యాగులతోని కష్టమైంది, కండక్టర్ మాత్రం ఓపికగ వెనక సీటు ఇప్పించిండు. రైలుల పోతె గుర్తుంచుకోండ్రి, బాదామి స్టేషన్ ఊర్ల ఉండదు, ఓ ఐదు కిలోమీటర్ల దూరం.

బాదామిల దిగంగనే ఎదురుంగ ఎర్ర గోడలు! సాయంత్రం ఎండ పడితె ఆ ఇసుకరాయి నిప్పు తీరు వెలుగుతది. చాళుక్యులు ఈ రాయినే తొలిచి గుహలు చెక్కిన్రు, మూడో గుహల 578 నాటి శాసనం ఉంది. నేను విష్ణుమూర్తి ముందర నిలబడి ఆ చెక్కుడు చూసుకుంట, రాయిని తాకి బతికినోళ్ళు ఎన్నేండ్ల నుంచి ఉన్నరో కదా అనుకున్న. మా భువనగిరి కోట కట్టించిన త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కూడ చాళుక్యుడే, తర్వాతి కాలం కళ్యాణి చాళుక్యుడు. అంటె మా ఊరికి పేరొచ్చిన వంశం పేరే ఇక్కడ గూడ. బావకు చెప్తె, అయితె మనం ఇంటికే వచ్చినంరా అన్నడు.

ఇక్కడ ఎక్కుడు వేరే. గోడల్లకు ముందుగనే బోల్టులు కొట్టి ఉంటయ్, మనం తాడు తీసుకపోయి ఒక్కొక్క బోల్టుకు క్లిప్ చేసుకుంట పైకి పోవాలె. రాయి అడ్డం పొరలు పొరలుగ ఉంటది, వేళ్ళకు మంచి పట్టు దొరుకుతది, నున్నగ ఉంటది, హంపిల తెగిన తోలుకు మందు పెట్టినట్టయింది. దేశంల బాగ పేరున్న గణేశ అనే రూట్ ఈడనే, 8బి ప్లస్ గ్రేడ్ (అంకె పెరిగిన కొద్దీ కష్టం పెరుగుతది), మేం కింద నిలబడి తల ఎత్తి చూసి దండం పెట్టి వచ్చినం. మేం ఎక్కినయన్నీ 5, 6 గ్రేడ్లే. మా 60 మీటర్ల తాడు వాటన్నిటికీ సరిపోయింది. ఒక్క జాగ్రత్త: వాన పడినంక ఇసుకరాయి ఎక్కొద్దు, తడిస్తె లోపల మెత్తబడుతది, పట్టు ఊడి చేతులకొస్తది, ఎక్కెటోనికి దెబ్బ, రాయికీ శాశ్వతంగ నష్టం. కొన్ని బోల్టులు పాతయ్, తుప్పు కనిపిస్తె ఆ రూట్ వదిలెయ్యండ్రి. మేం మొదటిరోజు లోకల్ గైడ్‌ను పెట్టుకున్నం, ఆ పైసలు ఎక్కడా వేస్ట్ కాలేదు, ఏ గోడ మీద పొద్దున నీడ ఉంటది, ఏది సాయంత్రం అన్నది ఆయనే చెప్పిండు, తమ్మునికి హెల్మెట్ కూడ ఆయనే ఇచ్చిండు.

తమ్ముడు బిలే నేర్చుకున్నది ఆ గోడ కిందనే. మొదటిరోజు నేల మీద నడిపించుకుంట నేర్పినం, నేను తాడు కట్టుకోని ఎక్కుతున్నట్టు ముందుకు నడుస్త, వాడు తాడు వదులుకుంట రావాలె, బ్రేక్ చెయ్యి మాత్రం ఎన్నడూ వదలొద్దు. బావ పక్కన నిలబడి తాడు కొసను తనూ పట్టుకున్నడు. రెండోరోజు టాప్ రోప్ మీద, అంటె ముందే పైనుంచి వేసిన తాడు మీద, నిజంగ ఎక్కిన, మధ్యల ఆగి కావాలని చెయ్యి వదిలేసిన. ఒక మీటరు జారిన, ఆగింది. కిందికి చూస్తె వాడు రెండు చేతులతోని తాడు పట్టుకోని, ముఖం ఎర్రగ, "అన్నా పట్టిన! పట్టిన!" అని అరుస్తున్నడు. మూడోరోజు కల్లా బావ తాడు కొస వదిలేసిండు.

బాదామిల తిండికి వంక పెట్టలేం. ఖానావళిల జొన్నరొట్టె, వంకాయ కూర, పల్లీల చట్నీ, పెరుగు, రొట్టెలు అడిగినన్ని. అమ్మ కట్టిచ్చిన సకినాలు అప్పటికి అయిపోయినయ్. లాడ్జి బస్టాండ్ దగ్గర, రూమ్ చిన్నది, కానీ శుభ్రం, రాత్రంత హారన్ల చప్పుడు, నిద్ర తక్కువుంటె ఇబ్బంది. ఫ్యామిలీతోని పోతె కర్ణాటక టూరిజం వాళ్ళ మయూర చాళుక్య హోటల్ ఉంది, అది అడిగి చూడుండ్రి. కోతులతోని మాత్రం జాగ్రత్త, మా బ్యాగ్ జిప్పు తీసి అరటిపండ్లతోపాటు చాక్ డబ్బా కూడ ఎత్తుకపోయినయ్, తినేది ఏదీ గోడ కింద పెట్టొద్దు.

తిరుగు ప్రయాణం రాత్రి రైలు, విజయపుర, సోలాపూర్, కలబురగి మీదుగ. స్లీపర్ల ముగ్గురం పండుకున్నం, ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు.

ఆఖరిరోజు మా గుట్ట. మొత్తం ఒకటే రాయి, పట్టుకునేటందుకు ఏం ఉండదు, అరికాలు రాయికి ఒత్తి బరువంత దాని మీద వేసి నిలబడాలె, భయపడి వెనక్కి వంగితె జారుతం. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఈ రాయి మీదనే మొదట నేర్చుకోని 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన్రు, అప్పటికి పూర్ణకు 13 ఏండ్ల 11 నెలలు. మొదటిసారి ఎక్కేటోళ్ళు ఎవరన్న హంపి, బాదామి కంటె ముందు ఇక్కడికే రావాలె అని నేను నమ్ముత. సికింద్రాబాద్ నుంచి రైలు ఉంది, గుట్ట మీద రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది, సామాను మోసే పని లేదు, కాళ్ళను నమ్ముడు ఇక్కడ వచ్చినంత బాగ ఇంకెక్కడా రాదు. చలికాలం పొద్దున ఆరింటికి మొదలుపెడితె పదింటికి దిగిపోవచ్చు. ఎండాకాలం అసలే వద్దు.

అమ్మ కిందికెల్లి చూసుకుంట నిలబడ్డది, ఇన్నేండ్లల్ల మొదటిసారి వచ్చింది. తమ్ముడు బిలే పట్టిండు, నేను ఎక్కిన, తర్వాత బావ ఎక్కిండు. బావ పైకి పోయి యాంకర్ (పైన తాడు కట్టే జాగా) దగ్గర కూసోని శానసేపు దిగలేదు. మేం పిలువలేదు.

నా లగేజ్ 23 కిలోలు, తాడు ఒక్కటే నాలుగు కిలోలకు దగ్గర. షూస్ తీసుకపోతున్న, అక్కడోళ్ళు బెల్జియంల ఫ్రెయర్ అనే రాతి గోడల దాక పోయి ఎక్కుతరంట, చూడాలె. తాడు, క్విక్‌డ్రాలు (బోల్టుకు తాడు తగిలించే క్లిప్పులు), నడుముకు కట్టుకునే హార్నెస్ తమ్మునికి ఇచ్చిన. హార్నెస్ వానికి కొంచెం లూజ్, నడుం దగ్గర బెల్టు ఆఖరిదాక లాగి బిగించి, మిగిలిన కొసను లోపలికి దోపిన.