పర్లాకిమిడి ప్రాంత కేటరింగు సంఘాలకు హెచ్చరిక: కోసి తెచ్చే వేట మాంసంతో జాగ్రత్త

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మెస్సులు, కేటరింగు నడుపుతున్న మన తెలుగు మహిళా సంఘాల దగ్గరకు ఒక వ్యాపారి వచ్చి, ముహూర్తాల ముందే అడ్వాన్సు తీసుకుని, లేత మేకపోతు మాంసం కోసి తెచ్చి ఇస్తానని చెబుతున్నాడు. మా సంఘానికి మొదట్లో మంచి సరుకే ఇచ్చి నమ్మకం కుదిరాక, ఒక పెళ్లి భోజనాలకు పంపిన మాంసంలో ముసలి మేకల మాంసం కలిపాడు. ముక్కలు నల్లబడి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. గంటల తరబడి ఉడికించినా మెత్తబడలేదు. సంచుల అడుగున కరిగిన మంచు నీళ్లను వంపి మళ్లీ తూచితే, మేము డబ్బు కట్టిన తూకం రాలేదు. పెళ్లివారి ముందు తలెత్తుకోలేకపోయాము. అడ్వాన్సు తిరిగి ఇమ్మంటే అతడు ఫోను ఎత్తడం మానేశాడు, బిల్లు అసలు ఇవ్వనేలేదు.

మన వైపు కసాయి దుకాణాల్లో పోతు అని తెలియడానికి వృషణాలు తీయకుండా వేలాడదీయడం ఆనవాయితీ. ముక్కలుగా కోసి తెచ్చిన సరుకులో ఆ గుర్తు ఉండదు, తల ఉండదు కనుక పళ్లు చూసి వయసు కట్టే వీలూ ఉండదు. ఇంటికి తెచ్చి ఇవ్వడంలో అతడికున్న అసలు లాభం అదేనని నా అనుమానం. ధరలోనూ గమనించవలసింది ఉంది. ఇరవై కిలోల మేకను కోస్తే మాంసం ఇంచుమించు తొమ్మిది, పది కిలోలకు మించదు కాబట్టి, సంతలో జీవాల ధరతో లెక్క కట్టినప్పుడు గిట్టుబాటు కాని రేటుకు ఎవరైనా ఇస్తానంటే, ఆ తేడాను సరుకులోనో తూకంలోనో రాబట్టుకుంటున్నారన్నమాట.

ఆహార వ్యాపారులు బిల్లు మీద, కేంద్ర ఆహార భద్రత సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు వేయాలన్న నియమం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అడ్వాన్సు ఇవ్వక ముందే ఆ నంబరు అడిగి, ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైటు ఫోస్కోస్‌లో సరిచూడండి. కొన్న మాంసాన్ని రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కును 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షను కొనుగోలుదారుకు ఇచ్చింది, అయితే పరీక్షకు పంపుతామని కొనేటప్పుడే అమ్మకందారుకు చెప్పాలి. ఇతడికి ఇప్పటికే డబ్బు పంపినవారు ఆ చెల్లింపు రశీదులను, ఫోను సందేశాలను చెరిపేయకుండా ఉంచి, జిల్లా ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మేమూ అదే పని చేస్తున్నాము.