కుక్కపిల్ల గుండెలో మర్మర్: ఒక పశువైద్యశాల హృదయ పరీక్ష సేవపై సమీక్ష

మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. చిట్టి తొమ్మిది వారాల లాబ్రడార్ పిల్లగా మా ఇంటికి వచ్చింది. రాజా పదకొండేళ్ల స్పిట్జ్. టీకా కోసం చిట్టిని దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లినప్పుడు, గుండెలో మర్మర్ అనే అదనపు చప్పుడు ఉందని, అమ్మినవారికి తిరిగి ఇచ్చేయడమే మంచిదని రెండు ముక్కల్లో చెప్పి పంపేశారు. అప్పటికే పిల్లలు దానికి పేరు పెట్టుకున్నారు. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఆ తరువాత హైదరాబాద్‌లోనే, వారానికి రెండు రోజులు జంతువులకు గుండె పరీక్షలు చేసే ఒక పెద్ద పశువైద్యశాలకు వెళ్లాము. ఈ సమీక్ష ఆ సేవ గురించి.

అక్కడ నాకు అన్నిటికంటే నచ్చినది, యంత్రం జోలికి వెళ్లకముందు డాక్టరు గారు వినడానికి వెచ్చించిన సమయం. తలుపు మూయించి, ఫ్యాను ఆపించి, పిల్ల రొప్పడం తగ్గేదాకా ఆగి, ఛాతీకి రెండు వైపులా, ముందుకాలి చంక లోపలి దాకా స్టెతస్కోపు జరుపుతూ చాలాసేపు విన్నారు. గుండె చేసే రెండు చప్పుళ్ల మధ్య, నెత్తురు సాఫీగా సాగక సుడులు తిరిగితే వినిపించే ‘ఉస్సు’మనే ధ్వనే మర్మర్ అనీ, అది ఒక లక్షణమే తప్ప వ్యాధి పేరు కాదనీ చెప్పి, నా చెవులకూ స్టెతస్కోపు తగిలించి వినిపించారు. ఆ ధ్వని బలాన్ని 1 నుంచి 6 వరకు గ్రేడ్లుగా లెక్కిస్తారు. 1 అయితే నిశ్శబ్దంలో శ్రద్ధగా వింటే తప్ప దొరకదు. 5లో ఛాతీ మీద చేయి పెడితే అదురు తెలుస్తుంది. 6లో స్టెతస్కోపును చర్మం నుంచి కాస్త ఎత్తినా వినిపిస్తుంది. చిట్టిది 2.

ఎదిగే పిల్లల్లో ఇలాంటి మెత్తని మర్మర్, గుండెలో ఏ లోపమూ లేకుండానే ఉండవచ్చుననీ, సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసుకు దానంతట అదే పోతుందనీ వివరించి, డాక్టరు గారు ఆ రోజు ఎకో (శబ్ద తరంగాలతో గుండె లోపలి భాగాన్ని చూసే స్కాన్) వద్దన్నారు. అడిగితే చేయించుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నప్పటికీ వద్దనడం వల్ల ఆవిడ మీద నా నమ్మకం పెరిగింది. దానికి బదులు చిగుళ్ల రంగు చూసి, రక్తపరీక్షా మలపరీక్షా రాశారు. రక్తహీనతతో నెత్తురు పలచబడినా మర్మర్ వినిపిస్తుందట. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలూ, పేగుల్లోని కొంకిపురుగులూ మన ప్రాంతపు పిల్లల్లో నెత్తురు తగ్గించే మామూలు కారణాలు కాబట్టి ఈ పరీక్షలు ఎంతో సబబుగా తోచాయి. అయితే, గుండె ముడుచుకున్నప్పుడూ విచ్చుకున్నప్పుడూ ఆగకుండా మర్మర్ వినిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదని కూడా చెప్పారు. పుట్టిన వెంటనే మూసుకుపోవలసిన రక్తనాళం తెరిచే ఉండిపోతే అలా వినిపిస్తుంది. దాన్ని సకాలంలో మూసివేస్తే చాలా పిల్లలు మామూలు జీవితం గడుపుతాయి.

మరుసటి నెల చిట్టితో పాటు, వయసు మీద పడింది కదా అని రాజానూ తీసుకువెళ్లాము. దగ్గు లేదు, ఆయాసం లేదు. అయినా గ్రేడ్ 4 మర్మర్ ఉంది. ఈసారి ఎకో తప్పనిసరి అన్నారు. మధ్యలో రంధ్రమున్న బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, కింది నుంచి పరికరం ఆనించి చూశారు. మత్తు ఇవ్వలేదు, నేను తల నిమురుతూ పక్కనే ఉన్నాను. చిన్న జాతి కుక్కల్లో వయసుతో పాటు వచ్చే జబ్బే ఇది: ఎడమవైపు కవాటం మందమై సరిగా మూసుకోక, గుండె పెద్దదవుతోంది. ఈ దశలో పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడితే గుండె విఫలం కావడం సగటున 15 నెలల మేర వాయిదా పడుతుందని 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనం తేల్చింది. ఆ మాట వినగానే నాకు కన్నీళ్లు వచ్చాయి. రాజా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రోజూ లెక్కపెట్టమనీ, 30 దాటుతూ ఉంటే వెంటనే ఫోన్ చేయమనీ చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవాటినీ, మొరిగే మిగతా కుక్కలనూ ఒకే హాలులో గంటకు పైగా కూర్చోబెట్టడం సరికాదు. లోపలికి వెళ్లేసరికి రాజా గుండె దడదడలాడుతూ ఉంది. ఎకో నివేదిక అంతా ఇంగ్లీషు పొడి అక్షరాలే. పిమోబెండాన్‌ను ఆహారానికి గంట ముందు, ఖాళీ కడుపుతో వేయాలన్న సంగతి మందుల కౌంటరులో ఎవరూ చెప్పలేదు, కరపత్రంలో చదివి తెలుసుకున్నాము. ఊపిరి లెక్క రాసుకునే కాగితంతో పాటు ఈ సూచనలను కూడా తెలుగులో అచ్చువేసి ఇస్తే, ఇంట్లో పగలంతా రాజాను చూసుకునే మా అమ్మలాంటి వారికి ఎంతో మేలు.

ఐదో నెలలో చిట్టిని మళ్లీ అదే మూసిన గదిలో అంతే ఓపికగా విని, మర్మర్ లేదని టీకాల పుస్తకంలో రాసి ఇచ్చారు. రాజా తదుపరి ఎకో ఆరు నెలలకు. అడిగితే హాలు ఖాళీగా ఉండే ఉదయపు మొదటి సమయమే కేటాయించారు.